నూకలు చెల్లాయన్న మాట

పార్టీ సభల్లో ఎవరికి ఏ పని ఇవ్వాలో తోచనప్పుడు వందన సమర్పణ ఇస్తారు. మా ఊరి పార్టీ గ్రామ కమిటీ అధ్యక్షుణ్ణయినా నాకు మొదటి నుంచీ అదే ఇచ్చారు. ముఖ్యులంతా మాట్లాడేశాక, జనం లేచి బిర్యానీ పొట్లాల వైపు నడుస్తుంటే, మైకు అతను వైర్లు చుట్టుకుంటుంటే చెప్పేది వందన సమర్పణ. ఒక సభలో నేను రెండో వాక్యంలో ఉండగానే టెంటు విప్పడం మొదలుపెట్టారు. ఇంకో సభలో నా సంగతి మరిచిపోయి జనగణమన పాడేశారు. పాట అయ్యాక కూడా నేను మైకు దగ్గరికి వెళ్లి, ఖాళీ కుర్చీలకు కృతజ్ఞతలు చెప్పి దిగాను. ఇవన్నీ మనసులో పెట్టుకోవద్దని మా ఆవిడ అంటుంది. పెట్టుకోకుండా ఎలా ఉంటాను? ఆ రోజు టెంటు విప్పించిన మనిషి ఇప్పుడు మా మండల కన్వీనరు.

అయితే మంత్రి వచ్చిన సభలో కూడా నాకు వందన సమర్పణే అన్నప్పుడు మాత్రం నేను గొడవ పడలేదు. ఈసారి ఆ పని నాకే కావాలి. చెప్పుకోవలసిన మాట ఒకటి ఉంది. దానికి మైకు కావాలి. మంత్రి ఎదురుగా ఉండాలి.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డుకు లోపలగా ఉన్న ఊరు. సముద్రం కనిపించదు కానీ గాలి తిరిగిందంటే దాని చప్పుడు వినిపిస్తుంది. సంగం ఆనకట్ట నీళ్లు కాలవలో మాకు పెద్ద పంటకే అందుతాయి. ఎడగారు, అంటే ఎండల్లో వేసే రెండో పంట, ఎవరికి వారు ఫిల్టర్ పాయింటు మీద పండించుకోవలసిందే. ఫిల్టర్ పాయింటు అంటే ఇసకలోకి ఎక్కువ లోతు పోకుండా దించిన గొట్టం బావి. మా నేలలో మంచినీళ్లు పైన, ఉప్పునీళ్లు కింద ఉంటాయి. పాల మీద మీగడలాగా మంచినీళ్లు పలచగా పైన నిలబడి ఉంటాయి. మీగడ తీసినట్టే నెమ్మదిగా తోడుకోవాలి. ఎవరైనా లోతుగా బోరు దించి పెద్ద మోటారుతో లాగితే కిందున్న ఉప్పు పైకొస్తుంది. వచ్చిన ఉప్పు మళ్లీ కిందికి దిగడం మేం చూడలేదు. పక్క ఊళ్లో అలా వచ్చింది, ఇప్పటికీ దిగలేదు.

నాకున్నది ఆ పొలమొక్కటే. పెద్ద పంట తుఫానుకు పడిపోయిన ఏళ్లలో మా ఇంట్లో అన్నం ఉడికింది ఎడగారు వల్లే. మేం తాగేది కూడా ఆ నీళ్లే.

ఇంతలో రాష్ట్రంలో అమ్మే పెట్రోలులో ఇథనాల్ ఇంత వాటా కలిసి తీరాలన్న నిబంధన గట్టిగా పట్టుకున్నారు. ఆ ఇథనాల్‌ను చెరకు నుంచే కాదు, మొక్కజొన్న నుంచీ నూకల నుంచీ కూడా తీస్తారట. మిల్లులో ధాన్యం ఆడించేటప్పుడు విరిగిపోయిన బియ్యమే కదా నూకలు. మా జిల్లాలో మిల్లులకూ కరువు లేదు, నూకలకూ కరువు లేదు. ఊరికి తూర్పున ఎందుకూ పనికిరాని సవుడు భూమి ఉంది. అక్కడ నూకలతో ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ పెడతారని కబురు వచ్చింది. ఆ కబురుతో మా పార్టీ నిలువునా చీలింది.

చీలింది ఇద్దరి మధ్య. ఒకరు మా ఎమ్మెల్యే. ఇంకొకరు పార్టీ జిల్లా అధ్యక్షుడు. ఇద్దరిదీ ఒకే జెండా. ఎమ్మెల్యేకు బియ్యం మిల్లులున్నాయి. నూకలకు గిరాకీ వస్తుందంటే ఆయనకు ఎందుకు చేదు? ఆయన ఇథనాల్ కలిపిన పెట్రోలుకు రైతు పెట్రోలు అని పేరు పెట్టాడు. జిల్లా అధ్యక్షుడికి రొయ్యల గుంటలు, రొయ్యల మేత తయారుచేసే మిల్లు ఉన్నాయి. నూకలన్నీ ఫ్యాక్టరీ ఎగరేసుకుపోతే మేతకు కటకట. ఆ మాట పైకి అనలేడు కాబట్టి బళ్లు పాడైపోతున్నాయని పట్టుకున్నాడు. ఆయన పెట్టిన పేరు నీళ్ల పెట్రోలు. ఆ వానాకాలం మా మండలంలో ఏ బండి ఆగినా అది రాజకీయమే. టీ అంగడి ముందు ఎవడైనా కిక్కు కొడుతూ చెమటలు కక్కుతుంటే పక్కవాడు అడిగేవాడు:

"ఏరా అబ్బయా, నీ బండి ఏ వర్గం?"

"కార్బొరేటరు అధ్యక్షుడి వైపు, సీటు ఎమ్మెల్యే వైపు. మధ్యలో నేను చస్తా ఉండా."

ఇద్దరు నాయకుల్లో నాకు ఎవరి మీదా ప్రత్యేకంగా ప్రేమ లేదు. ఎమ్మెల్యే తన కొడుకు పెళ్లికి మా ఊళ్లో మా వీధి వదిలేసి కార్డులు పంచాడు. అధ్యక్షుడు ఒక ఫ్లెక్సీలో నా ఫొటో వేయించి, పైన తన బొమ్మ పెద్దది కావాలని, నన్ను మెడ వరకు కోయించాడు. నాకు కావలసింది ఒక్కటే. ఫ్యాక్టరీ వస్తే రానీ, రాకపోతే పోనీ, మా నేలలో లోతు బోరు వేయకూడదు. నీళ్లు ఎగువన ఆనకట్ట నుంచి గొట్టం వేసి తెచ్చుకోవాలి. ఆ మాట ఒప్పందంలో రాయించాలి.

ముందు ఎమ్మెల్యే ఇంటికి వెళ్లాను. హాల్లో కూర్చోబెట్టారు. ఆయన బయటికి పోబోతూ నన్ను చూసి ఆగాడు. చెప్పాను. అంతా విని నవ్వాడు.

"ఈ బోరు మాట నీదేనా? ఎవరన్నా నేర్పించి పంపినారా?"

"నాదే సార్. నా పొలం అక్కడే గదా."

"ఫ్యాక్టరీ వచ్చేది సంతోషం అంటూనే నడుమ ఒక పుల్ల పెడతా ఉండావు చూడు, అది అధ్యక్షుడి పద్ధతి. నువ్వు మనోడివేనా కాదా?"

"మనోడినే సార్. నీళ్లు కూడా మనవే గదా."

"అయితే నమ్ము," అని కారెక్కాడు.

తర్వాత అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాను. ఆయన గౌరవంగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. అది నిజం, చెప్పాలి. నేను బోరు సంగతి ఎత్తగానే చేత్తో ఆపాడు.

"అన్నా, ఫ్యాక్టరీనే రానీయనని నేను కొట్లాడతా ఉంటే, నువ్వొచ్చి దాని బోరు యాడ వెయ్యాలని అడిగితే ఎట్టా? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండాది."

"ఒకవేళ వస్తేనో అంటా ఉండా."

"ఆ ఒకవేళ అనే మాటే ఎమ్మెల్యే మాట. నువ్వు అనబాక."

అంటే, రావాలనేవాడి దగ్గర బోరు మాట ఎత్తితే వద్దనేవాడి మనిషినయ్యాను. వద్దనేవాడి దగ్గర ఎత్తితే రావాలనేవాడి మనిషినయ్యాను. ఇద్దరి గొడవలో అందరూ అన్నీ మాట్లాడారు. అధ్యక్షుడి మనిషి ఒకడు పెట్రోలు బంకు దగ్గర గ్లాసు పెట్రోలులో నీళ్లు కలిపి వీడియో తీసి చూపించాడు. ఫ్యాక్టరీ ఏ నీళ్లు తాగుతుందో మాత్రం ఎవరికీ పట్టలేదు.

అందుకే మంత్రి సభలో వందన సమర్పణ ఇస్తామన్నప్పుడు సరేనన్నాను. ముందు రోజు సాయంత్రం పెరట్లో కూర్చుని మాటలు కూర్చుకుంటుంటే మా ఆవిడ బియ్యం ఏరుతూ విన్నది.

"ముందు నీళ్ల సంగతి చెప్పెయ్యి. వందనాలు తర్వాత చెప్పొచ్చు."

"వందన సమర్పణ అంటే ముందు వందనమే."

"నువ్వు వందనం ముగించేసరికి వాళ్లు కార్లెక్కేస్తారు."

"మంత్రి ఉన్నాడు. కూర్చుంటారు."

"ఈ పొద్దు దాకా ఎవరు కూర్చున్నారయ్యా నీకు?"

పద్ధతి పద్ధతే. పిలిచిన వాళ్లకు నమస్కారం చెప్పకుండా మన గోడు వెళ్లబోసుకుంటే, వీడు అడుక్కోవడానికి మైకెక్కాడంటారు. నేను ఇప్పటికీ అదే అంటాను.

సభ మా హైస్కూలు మైదానంలో జరిగింది. ఎమ్మెల్యే, అధ్యక్షుడు ఇద్దరూ వేదిక మీద ఉన్నారు. మధ్యలో మంత్రి కూర్చున్నాడు కాబట్టి ఒకరి ముఖం ఒకరు చూడవలసిన అవసరం రాలేదు. ఎమ్మెల్యే రైతు పెట్రోలు అన్నప్పుడు మైదానంలో ఎడమవైపు వాళ్లు చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు ప్రజల అనుమానాలు తీర్చాలి అన్నప్పుడు కుడివైపు వాళ్లు కొట్టారు. మంత్రి ఇద్దరినీ మెచ్చుకున్నాడు. ఆయన లేవబోతుండగా నేను పరుగులాంటి నడకతో మైకు దగ్గరికి వెళ్లాను. నా అదృష్టమో దురదృష్టమో, మంత్రి నన్ను చూసి మర్యాదకు మళ్లీ కూర్చున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కుర్రతనంలో నేను నెల్లూరులో ఒక బియ్యం మిల్లులో కొన్నాళ్లు గుమాస్తాగా చేశాను. అక్కడ సరుకు అమ్ముడుపోతే చెల్లింది అంటారు. "తవుడు చెల్లిందా?" అని అడిగితే, "చెల్లింది సామీ, నూకలే చెల్లలా" అనేవాళ్లు. అరవ వ్యాపారులతో మాట్లాడీ మాట్లాడీ మిల్లులో ఆ మాట అలా స్థిరపడిపోయింది. మనిషి పోతే నూకలు చెల్లాయంటారని నాకు తెలియక కాదు. కానీ ఆ రోజు నా బుర్రలో ఉన్నది మిల్లు. మిల్లులో గుట్టలు పోసి ముక్కిపోయే నూకలు. వాటికి గిరాకీ వచ్చిందని నాలుగు మంచి మాటలు చెప్పి, అక్కడి నుంచి నీళ్ల మీదికి రావాలని నా ఆలోచన.

మంత్రిగారికి, వేదిక మీది పెద్దలకు నమస్కారాలు చెప్పాను. ఆ తర్వాత ఉత్సాహంగా, గొంతు పెంచి, ఇలా అన్నాను:

"ఇన్నాళ్లూ ఎవరూ ముట్టుకోకుండా పడి ఉన్న సరుకు ఇది. ఈరోజు మంత్రిగారి రాకతో మన ఎమ్మెల్యేగారి మిల్లుల్లో నూకలు మొదలుకొని అందరి నూకలూ చెల్లిపోయినాయని సంతోషంగా మనవి చేస్తున్నాను!"

ముందు వరుసలో ఒక ఆవిడ "అయ్యయ్యో" అన్నది. కుడివైపు నుంచి ఎవడో అరిచాడు:

"ఎమ్మెల్యేగారివి ఎప్పుడు చెల్లినాయన్నా? పొద్దున బాగానే ఉండాడే!"

మైదానమంతా నవ్వింది. పోలీసులు నవ్వారు. మంత్రి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను చెయ్యెత్తి, "అది కాదు, నేను చెప్పేది మిల్లు మాట, చెల్లడం అంటే..." అంటున్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. మైకు తీసేశారు. వెనక్కి తిరిగి చూస్తే కన్వీనరు చేతిలో ఉంది.

"దిగన్నా, దిగు. చేసింది చాలు."

"ఇంకా నీళ్ల సంగతి చెప్పలా."

"నీళ్లు నీ మొహాన చల్లాలి. దిగు."

ఆ మాట కూడా నేను మరిచిపోలేదు.

నేను ఇంటికి చేరేసరికే ఆ ముక్క ఫోన్లలో తిరుగుతోంది. ఎవరో నా మాటల్లోంచి మిల్లులు కత్తిరించేశారు, సరుకు కత్తిరించేశారు. "మన ఎమ్మెల్యేగారి... నూకలు... చెల్లిపోయినాయని సంతోషంగా మనవి చేస్తున్నాను" అని ఉంది. సంతోషంగా అన్న చోట నా ముఖం నిజంగానే సంతోషంగా ఉంది. కింద చప్పట్ల శబ్దం అతికించారు. మా ఆవిడ ఒకసారి చూసి ఫోను బోర్లా పెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఎమ్మెల్యే ఇంటికి సంజాయిషీ చెప్పడానికి వెళ్లాను. ఈసారి హాల్లో కూర్చోమని కూడా అనలేదు. వరండాలో నిలబడ్డాను. లోపల శాంతి చేయిస్తున్నారని, ఎమ్మెల్యే తల్లి రెండు రోజులుగా అన్నం ముట్టలేదని ఎవరో చెప్పారు. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు. చాలాసేపటికి ఎమ్మెల్యే వచ్చాడు.

"సార్, చెల్లడం అంటే మిల్లులో అమ్ముడుపోవడం..."

"నేను మిల్లు నడుపుతా ఉండా. నాకు చెప్తా ఉండావా మిల్లు మాట?"

"మీ మిల్లులో అనరేమో సార్. పాత మిల్లుల్లో..."

"మా అమ్మకి చెప్పు పోయి, పాత మిల్లుల్లో అనేవాళ్లని."

నేను కదల్లేదు. అప్పుడు అడగకూడదని తెలుసు. అయినా అడిగాను.

"బోరు సంగతి ఒకటి ఉండాది సార్."

ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. మర్నాడు నన్ను పార్టీ గ్రామ కమిటీ అధ్యక్షుడి పదవి నుంచి తప్పించినట్టు కన్వీనరు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నాకు ఒక ఫోను కూడా చేయలేదు. గ్రూపు నుంచి కూడా తీసేయడంతో ఆ కబురు పక్కింటి వాళ్ల ఫోనులో చదువుకోవలసి వచ్చింది.

అటు అధ్యక్షుడి మనుషులు శాలువా పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"అన్నా, నువ్వు అన్న మాట జిల్లాలో ఇంకెవరూ అనలేరన్నా. మంత్రి ముందర!"

"నేను ఆ మాట అనలేదు."

"అనలేదనే అను. అట్టనే అనాలి. అదే కదా చమత్కారం."

శాలువా వద్దంటే బలవంతంగా కప్పి ఫొటో తీసుకున్నారు. మర్నాటికి మైపాడు రోడ్డు మలుపులో ఫ్లెక్సీ వెలిసింది. అందులో నాకు మెడ కింద భుజాలు కూడా వచ్చాయి. ఫొటో పక్కన "నూకలు చెల్లాయి!" అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. నేను పొద్దున్నే వెళ్లి దాన్ని విప్పేయబోతే, విప్పనీయలేదు. పార్టీ ఆస్తి అన్నారు.

అవమానమైతే అయింది, పనన్నా అవుతుందేమోనని అధ్యక్షుడి దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఇప్పుడు నేను ఆయన లెక్కలో పెద్ద మనిషిని. లేచి నిలబడి చేతులు పట్టుకున్నాడు. నేను బోరు మాట ఎత్తగానే చేతులు వదిలేశాడు.

"ఇప్పుడు బోరు గురించి ఒక్క ముక్క మాట్లాడినా మనం ఫ్యాక్టరీకి ఒప్పుకున్నట్టేనన్నా. నువ్వే కదా ఈ పోరాటానికి ముఖం? నువ్వే తగ్గితే ఎట్టా?"

పోరాటానికి ముఖమట. ఆ ముఖానికి నోరు మాత్రం ఉండకూడదు.

కొన్నాళ్లకు పార్టీ పెద్దలు ఎమ్మెల్యేనూ అధ్యక్షుణ్ణీ రాజధానికి పిలిపించారు. లోపల ఏం జరిగిందో మాకెవరూ చెప్పలేదు. బయటికి వచ్చాక ఇద్దరూ ఒకే కారులో నెల్లూరు వచ్చారు. మెల్లగా సంగతులు తెలిశాయి. ఇథనాల్ తీశాక మిగిలే పిండి మడ్డి రొయ్యల మేతకు, కోళ్ల మేతకు బాగా పనికొస్తుందట. ఆ మడ్డి అధ్యక్షుడి మేత మిల్లుకు వస్తుంది. నూకలు ఎమ్మెల్యే మిల్లుల నుంచి పోతాయి. ఆ తర్వాత మా మండలంలో నీళ్ల పెట్రోలు అన్న మాట ఎవరి నోటా వినలేదు. బళ్లు మాత్రం అక్కడక్కడా ఆగుతూనే ఉన్నాయి. ఇప్పుడు ఆగితే మెకానిక్కును తిడుతున్నారు.

ఇద్దరూ కలిసి విలేకరులతో మాట్లాడారు. తమ మధ్య ఎన్నడూ విభేదాలు లేవనీ, నోటి మీద అదుపు లేని ఒక కార్యకర్త మాట వల్ల అపార్థాలు వచ్చాయనీ, అతని మీద క్రమశిక్షణ చర్య తీసుకుంటున్నామనీ చెప్పారు. అలా వాళ్లు కలవడానికి నేను పనికొచ్చాను. విడిపోవడానికి నూకలు, కలవడానికి మడ్డి, తిట్టడానికి నేను. ఫ్లెక్సీ వాళ్లే విప్పేశారు.

ఇక మిగిలింది ప్రజాభిప్రాయ సేకరణ. ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చే ముందు అధికారులు ఊరికి వచ్చి జనం మాట వినాలి. పార్టీతో నాకు సంబంధం లేదు కాబట్టి ఇక్కడన్నా నా మాట నా మాటగా వింటారనుకున్నాను. మా వీధిలో ఇంటింటికీ తిరిగి, నాతో పాటు వచ్చి నీళ్ల గురించి ఒక్క మాట చెప్పమని అడిగాను. వాళ్లవీ ఫిల్టర్ పాయింట్లే. వాళ్లు తాగేదీ ఆ నీళ్లే. కానీ ఫ్యాక్టరీలో ఇంటికొక వాచ్‌మన్ ఉద్యోగం అని అప్పటికే కన్వీనరు ఇల్లిల్లూ చెప్పి పోయాడు. ఒకాయన నవ్వుతూనే అన్నాడు:

"నువ్వు నోరు తెరిస్తే ఎవరివో ఒకరివి చెల్లిపోతాయన్నా. మమ్మల్ని వదిలెయ్."

నేనొక్కడినే వెళ్లాను. అదే హైస్కూలు మైదానం. అధికారుల పక్కన ఎమ్మెల్యే, అధ్యక్షుడు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. మధ్యలో ఇప్పుడు ఎవరూ లేరు. నా వంతు వచ్చి నేను లేవగానే వెనక నుంచి కేక వచ్చింది.

"నూకలన్న వచ్చినాడ్రోయ్!"

మైకు పట్టుకున్నాను. ఈసారి వందనాలు చెప్పలేదు. మా ఆవిడ చెప్పినట్టు సూటిగా నీళ్లతో మొదలుపెట్టాను. "అయ్యా, మా నేలలో మంచినీళ్లు పైన..." అన్నాను.

"పైన చెల్లినాయా అన్నా, కింద చెల్లినాయా?"

నవ్వులు. అధికారి చెయ్యెత్తి వారించాడు. నేను మళ్లీ మొదలుపెట్టాను. లోతు బోరు వేస్తే ఉప్పు పైకొస్తుందన్నాను. పక్క ఊరి సంగతి చెప్పబోయాను. ప్రతి మాటనూ ఎవడో ఒకడు చెల్లించేవాడు. ఉప్పు చెల్లింది, బోరు చెల్లింది, ఊరు చెల్లింది. పసిపిల్లలు కూడా అందుకున్నారు. నవ్వకూడదని అధికారి ముఖం బిగించుకున్నాడు, కానీ పక్కన రాసుకుంటున్న అమ్మాయి భుజాలు కదులుతున్నాయి. ఎమ్మెల్యే అధ్యక్షుడి చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ కలిసి నవ్వారు. వాళ్లు కలిసి నవ్వడం అంతకుముందు నేను చూడలేదు.

"విషయం చెప్పండి పెద్దాయనా," అన్నాడు అధికారి.

"విషయం అదేనయ్యా. నీళ్లు."

"నమోదు చేసుకున్నాం."

కంపెనీ తరఫున వచ్చినతను లేచి, భూగర్భ జలం అనుమతి మేరకే వాడతామని చెప్పాడు. మేరకు అంటే ఎంత మేరకని అడగడానికి నేను నోరు తెరిచేసరికి తర్వాతి వాళ్ల పేరు పిలిచారు.

ఫ్యాక్టరీ బోర్లు పెద్ద పంట కోతలయ్యాక దించారు. ఎన్ని దించారో ఆ ప్రహరీ గోడ అవతల ఎవరికీ తెలియదు. ఎడగారుకు నేను ఎప్పటిలాగే నారు పోశాను. పోయవద్దని అన్నవాళ్లు ఉన్నారు. నేను వినలేదు. మొలక బాగానే వచ్చింది. తర్వాత ఒక పొద్దున వెళ్లి చూస్తే కొసలు మాడినట్టుగా ఉన్నాయి. పురుగేమో అనుకున్నాను. మా ఆవిడ వంగి ఫిల్టర్ పాయింటు గొట్టం కింద దోసిలి పట్టి నోట్లో పోసుకుని, మింగకుండా గట్టు మీద ఉమ్మేసింది. నేను చూడనట్టు నారుమడి వైపు తిరిగాను.

అర్జీలు పెట్టాను. ఎవరెవరికి పెట్టాలో అందరికీ పెట్టాను. సంబంధిత శాఖకు పంపామని జవాబులు వచ్చాయి. ఆ సంబంధిత శాఖ ఏదో ఏ జవాబులోనూ లేదు. ఇప్పటికీ పెడుతూనే ఉన్నాను.

ఎడగారు నారును అట్లా వదిలేయలేక బజారులో మంచినీళ్ల క్యాన్లు కొని బండి మీద తెచ్చి మడికి పోశాం. నవ్వేవాళ్లు నవ్వారు. మా ఆవిడ చెంబుతో, నేను బక్కెట్టుతో. ఒక పొద్దున అలా పోస్తుంటే ఇద్దరు మనుషులు గట్టు మీద బండి ఆపుకుని చూస్తున్నారు. రొయ్యల గుంటలకు పొలాలు కౌలుకు తీసుకునేవాళ్లు. వాళ్లు అధ్యక్షుడి తాలూకు మనుషులేనని వాళ్లు చెప్పకముందే తెలుసు.

"ఎందుకు పెద్దాయనా ఈ కష్టం? మాకు ఉప్పునీళ్లే కావాల్సింది. ఇప్పుడు మీ నేల మాకు బంగారం మాదిరి."

నేను బక్కెట్టు వంచాను. మడిలో ఒక మూలైనా సరిగా తడవలేదు. పోసిన నీళ్లు పోసినట్టే ఇసకలోకి పోతున్నాయి.

"ఊరికే అడిగి పోదామని వచ్చినాం. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పు," అన్నాడు రెండోవాడు. కానీ బండి స్టార్ట్ చేయలేదు. అక్కడే నిలబడి ఉన్నారు.

మా ఆవిడ తలెత్తకుండా ఖాళీ చెంబు నా వైపు చాపింది.

"ఇంకో క్యాను ఉండాదా?"

ఉంది. తెచ్చి మూత తీసి ఇచ్చాను.